బీరుసీసాలో రససిందూరం

నేను డాక్టరునవుతానని మహారాష్ట్ర సరిహద్దులో, రాజురా పక్కన తెలుగువాళ్ళుండే మా ఊరంతా నమ్మింది. పన్నెండో తరగతి పేపర్లు దిద్దినవాళ్ళు మాత్రం నమ్మలేదు. ఇంగ్లీషు వైద్యానికి చాలని మార్కులు ఆయుర్వేదానికి సరిపోతాయని ఎవరో చెప్పారట. పత్తి అమ్మడానికి వెళ్ళిన మా నాయన అటునుంచి అటే చంద్రపూర్ వెళ్ళి నన్ను కాలేజీలో చేర్చి వచ్చాడు. "ఏ డాక్టరైతేంది? పేరు ముంగట డాక్టరని ఉంటది గద" అన్నాడు.

దేశం తలుపులు బార్లా తీసిందని పేపర్లు రాస్తున్న రోజులవి. ఆ తలుపుల్లోంచి మా జిల్లాకి వచ్చినవి కేబుల్ టీవీ, కొత్త కూల్ డ్రింకులు, ప్రైవేటు కాలేజీలు. మా కాలేజీ దుర్గాపూర్ రోడ్డు మీద ఉండేది. అంతకుముందు అది ధాన్యం గోడౌను. పైన క్లాసులు, కింద ఆస్పత్రి. ఆస్పత్రిలో మంచాలున్నాయి, దుప్పట్లున్నాయి, గోడకి ధన్వంతరి పటం ఉంది. రోగులే లేరు. వానాకాలంలో గోడ మూలల్లో పాత వడ్లు మొలకెత్తేవి. ఆయుర్వేద కాలేజీలో మొక్కలుంటే మంచిదేనని ఎవరూ పీకలేదు.

కాలేజీ పెట్టినాయన బొగ్గు లారీల యజమాని. అందరూ ఆయన్ని 'భావూ' అనేవాళ్ళు, మరాఠీలో అన్న అని. ఎప్పుడూ తెల్ల బట్టలే. బొగ్గు వ్యాపారంలో ఉండి తెల్ల బట్టలు కట్టాలంటే చాలా ధైర్యమన్నా ఉండాలి, చాలా జతలన్నా ఉండాలి. ప్రాచీన ఋషులంటే ఆయనకు అపారమైన గౌరవం. వాళ్ళు జీతాలు అడగరు కదా.

నిజానికి మేమెవరం ఆయుర్వేదం కోసం రాలేదు. సూది వెయ్యడం నేర్చుకోవడానికి వచ్చాం. పగలంతా వాతం, పిత్తం, కఫం అని శ్లోకాలు బట్టీపట్టి, సాయంత్రాలు ఊళ్ళో ఎవరో ఒక ఇంగ్లీషు డాక్టరు దగ్గర చేరి సెలైన్ ఎక్కించడం చూసేవాళ్ళం. మా క్లాసు అబ్బాయిలు కొందరికి మెళ్ళో స్టెతస్కోపు లేకపోతే అన్నం సయించేది కాదు. దాన్ని చెవుల్లో పెట్టుకుంటే ఏం వినపడుతుందో మాత్రం ఇంకా తెలియదు.

మమ్మల్ని మనుషుల్లో జమకట్టి పాఠం చెప్పింది ఒక్క రసశాస్త్రం టీచరే. పాదరసం, గంధకం, లోహాలతో మందులు చేసే విద్య అది. ఆవిణ్ణి మేం బాయి అనేవాళ్ళం. మరాఠీ బళ్ళలో టీచరమ్మను అలాగే పిలుస్తారు. నాగపూర్ వైపు మనిషి. యాభై దాటాయి, పెళ్ళి కాలేదు. ఒంటిమీద బంగారం ఉండేది కాదు. పాదరసం తగిలితే బంగారం తెల్లబోతుందని కారణం చెప్పేది. జీతం కూడా ఒక కారణమేనని మాకు తెలుసు.

మొదటి రోజే, హాజరు పిలిచే గొంతుతో, "పాదరసమంటే శివుడి వీర్యం, గంధకమంటే పార్వతీదేవి రజస్సు" అంది. అబ్బాయిల బెంచీలన్నీ ఒక్కసారిగా దగ్గాయి. అమ్మాయిలం పుస్తకాల్లోకి దూరిపోయాం.

"దగ్గొచ్చినవాళ్ళు బయటికి పోయి ఉమ్మేసి రండి" అంది బాయి. "మిగతావాళ్ళు రాసుకోండి. ఆ రెండూ కలిస్తే మందు. ఇందులో సిగ్గేముంది? మీరంతా వానకి మొలిచారా?"

చరిత్ర చెప్పినా ఆమె పురాణం చెప్పినట్టు చెప్పేది కాదు, పక్కింటివాళ్ళ సంగతులు చెప్పినట్టు చెప్పేది. తొలినాటి వైద్యులు వేళ్ళు, ఆకులు, నెయ్యి, తేనెలతో కాలక్షేపం చేశారట. పాదరసం ఊసు వాళ్ళ దగ్గర అంతంత మాత్రమే. వందల ఏళ్ళు గడిచాక తాంత్రికులు, సిద్ధులు వచ్చారు. వాళ్ళకు ఊరివాళ్ళ దగ్గూ జ్వరం పట్టలేదు. వాళ్ళక్కావలసినవి రెండే: రాగి బంగారం కావాలి, తాము చావకూడదు.

"ముందు లోహం మీద పరీక్ష పెట్టారు. లోహం మారితేనే దేహం మీద. ఆ వరస పాటించారు కాబట్టి కొందరైనా బతికి బట్టకట్టారు" అంది.

"మరి బంగారం అయిందా బాయీ?" అని నేనడిగాను.

"అయ్యుంటే నేనీ గోడౌన్లో ఎందుకుంటానే? బంగారమూ కాలేదు, చావూ తప్పలేదు. కానీ ఆ ఆశతో వాళ్ళు నూరడం, వడగట్టడం, ఆవిరి పట్టడం, కొలిమికి ఎంత మంట పెట్టాలో చూడడం నేర్చుకున్నారు. వాళ్ళు పోయాక వైద్యులు ఆ సామానంతా ఎత్తుకొచ్చుకున్నారు. అదే మన సబ్జెక్టు."

శ్రీశైలం కొండ మీద పాదరసాన్ని గడ్డకట్టించాడని చెప్పే పెద్ద సిద్ధుడి గురించి మా ఇద్దరికీ ఓసారి తగాదా కూడా అయింది. ఆయన పుట్టింది తమ నాగపూర్ వైపు విదర్భలో అని బాయి. శ్రీశైలం మాది కనక ఆయన తెలుగువాడని నేను. ఇద్దరి దగ్గరా సాక్ష్యం లేదు కాబట్టి గొంతులు పెరిగాయి. చివరికి ఆమె, "అసలు నువ్వు పుట్టిందెక్కడ? రాజురా విదర్భ కాదా?" అంది. క్లాసంతా నవ్వింది. ఆ సిద్ధుణ్ణి ఆమెకు వదిలేసి కూర్చున్నాను.

రెండో ఏడు ఎండాకాలంలో ఇన్‌స్పెక్షన్ వస్తోందని కబురొచ్చింది. ఢిల్లీ నుంచి ఇద్దరు పెద్ద వైద్యులు వచ్చి చూసి, బాగుందంటేనే కాలేజీకి గుర్తింపు. లేదంటే మా చదువు చెల్లదు. భావూ అందర్నీ పిలిచి పనులు పంచాడు. ఆస్పత్రి నిండా రోగులుండాలి, ఆ సంగతి తాను చూసుకుంటాడు. రసశాలలో మందు తయారవుతూ ఉండాలి, ఆ సంగతి బాయి చూసుకోవాలి.

"బాయీ, ఎలాగూ కొలిమి పెడుతున్నారు కదా, వాళ్ళ ముందు కాస్త బంగారం చేసి చూపించకూడదూ? కొంచెమే" అన్నాడు.

ఆయన హాస్యమాడుతున్నాడని మేం నవ్వాం. ఆయన ఆడటం లేదు. బాయి ఆయన వంక జాలిగా చూసి, "రససిందూరం చేస్తాను, అది ఎర్రగా ఉంటుంది" అంది.

రససిందూరానికి ముందు పాదరసాన్ని సున్నంతో, వెల్లుల్లి ఉప్పులతో నూరి శుభ్రం చెయ్యాలి. తర్వాత గంధకం కలిపి, మెరుపు చచ్చి కాటుకలా నల్లబడేదాకా కల్వంలో నూరాలి. ఆ నల్లపొడిని గాజుసీసాలో పోసి, ఇసక నింపిన కుండలో సీసాను మెడదాకా పాతి, కింద మంట పెట్టాలి. పొడి ఆవిరై, పైకెక్కి, సీసా మెడలో ఎర్రగా గడ్డకడుతుంది. అంత వేడి తట్టుకునే సీసా ఏదని శాస్త్రంలో వెతికితే లాభం లేదు. అనుభవం మీద తేలిందేమంటే, బీరుసీసా.

బాయి జన్మలో బీరు వాసన చూసి ఎరగదు. వారానికి రెండు ఉపవాసాలుండే మనిషి. అలాంటిది, "మందపాటివి చూడండి, అడుగు పైకి పొంగి ఉండాలి, మెడ పొడుగ్గా ఉండాలి" అని తాగుబోతులకు కూడా తెలియని వివరాలు చెప్పి, నన్నూ నా రూమ్మేటునూ సంచీలిచ్చి పంపింది. అబ్బాయిల్ని పంపకపోవడానికి కారణం, వాళ్ళు నిండు సీసాలు తెస్తారని.

బల్లార్‌పూర్ రోడ్డులో ఒక పాతసామాన్ల కొట్టుకి వెళ్ళాం. మేం ఒక్కో సీసా ఎత్తి, వెలుగుకు పెట్టి చూసి, గోటితో కొట్టి వింటుంటే, కొట్టువాడు చాలాసేపు చూసి, నేను తెలుగులో గొణుక్కోవడం విని, "ఏ ఊరు బిడ్డా మీది?" అన్నాడు. చెప్పాను. "ఓ, గా ఊరే! మా చిన్నమ్మను గాడికే ఇచ్చిన్రు. డాక్టర్ సదువు గదా నీది? గీ సీసాలేంది మరి?"

"మందుకే" అన్నాను.

"మందుకే అని నాగ్గూడ ఎరుకే" అన్నాడు.

తెలుగులో మందంటే రెండర్థాలున్న సంగతి ఆ క్షణంలో నాకు తట్టలేదు. కబురు నాకంటే ముందు ఊరు చేరింది. చేరేసరికి సీసాలు నిండాయి కూడా.

ఇన్‌స్పెక్షన్‌కి ముందురోజు పొద్దున్నే బాయి రెండు కొలుములు వెలిగించింది. ఒకటి పగిలినా రెండోది మిగులుతుందని. సీసాలకు మట్టి పూసిన గుడ్డలు పొరలు పొరలుగా చుట్టి ఆరబెట్టింది మేమే. ఆమె మాత్రం రెండు కుండల మధ్య స్టూలు వేసుకుని కూర్చుని మమ్మల్ని విడతలవారీగా కాపలా పెట్టింది. మొదట సన్నటి మంట, తర్వాత మధ్యరకం, చివరికి పెద్ద మంట. తొందరపడితే పొగ మెడలో గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. అప్పుడు ఎర్రగా కాల్చిన ఇనపచువ్వ దూర్చి దారి చెయ్యాలి. లేకపోతే సీసా నిలవదు. కట్టెబొగ్గు తప్ప గనిబొగ్గు ముట్టనివ్వలేదు. చంద్రపూర్‌లో గనిబొగ్గు వద్దనడమంటే సముద్రం ఒడ్డున ఉప్పు వద్దన్నట్టు. భావూ మనసు కాస్త నొచ్చుకుంది.

తెల్లవారి రోగులు దిగారు. భావూ జీపులు రాజురా దాకా వెళ్ళి ఊళ్ళలోంచి జనాన్ని ఎక్కించుకొచ్చాయి. రోజు కూలీ, పప్పూ అన్నం, పడుకోవడమే పని. మేం తలో మంచం దగ్గర నిలబడి కేసు కాయితాలు రాస్తున్నాం. చివరి మంచం మీద, దుప్పటి మెడదాకా కప్పుకుని, నన్నే చూస్తున్న ముసలమ్మ మా బాపమ్మ. మా నాయన తల్లి.

"బాపమ్మా! నువ్వేంది ఇక్కడ?"

"జీపు పుకట్‌ల, పైస లేకుంట వస్తుందంటె ఎక్కిన" అంది. "నువ్వు బీరు తాగుతున్నవని ఊరంత చెప్పుకుంటున్రు. మీ నాయన అన్నం తింటలేడు. నోరు తెరువు, వాసన చూస్త."

నోరు తెరిచేలోపే భావూ, వెనకే ఇన్‌స్పెక్టర్లిద్దరూ లోపలికి వచ్చారు. ఒకాయన పొట్టిగా, కోపంగా ఉన్నాడు. రెండో ఆయన పొడుగు, నెరిసిన మీసం, మనిషి ఎండకు వాడిన తోటకూరలా ఉన్నాడు. ఇద్దరికీ మరాఠీ వచ్చు. ఆ పొడుగాయన సరిగ్గా మా బాపమ్మ మంచం దగ్గరే ఆగాడు.

"ఏమైంది అవ్వకి?" అని మరాఠీలో అడిగాడు.

"ఆవిడకు తెలుగే వచ్చు సర్, నేను చెబుతాను" అని అడ్డం పడ్డాను.

బాపమ్మ నా వైపు తిరిగి, "గీయన ఎవలు? నీ బీరు సంగతి గీయనకు గూడ ఎరుకేనా?" అంది.

"మోకాళ్ళ నొప్పులంటోంది సర్."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఆడపిల్లవు, సీసాలు సంకల పెట్టుకోని బజార్ల తిరుగుతవా?" అంది బాపమ్మ.

"చాలా రోజులనుంచట సర్. నడవలేకపోతోందట."

ఇక్కడ నేను మరిచిపోయిన సంగతి ఒకటుంది. బాపమ్మ నలభై ఏళ్ళుగా రాజురా సంతలో మరాఠీ వ్యాపారులతో బేరాలాడి మిరపకాయలు అమ్మిన మనిషి. ఆమె దుప్పటి తీసి పక్కన పడేసి, లేచి కూర్చుని, నాకంటే మంచి మరాఠీలో ఆయనతో చెప్పింది: "నాకేం రోగం లేదు నాయనా. నిన్న కూడా చేన్ల పత్తికట్టె పీకిన. ఇదే అబద్ధాలు చెబుతోంది. ఇది బీరు తాగుతోందా లేదా, పెద్ద డాక్టరువి, నువ్వు చూసి చెప్పు."

భావూ ముఖం ఆయన బట్టలంత తెల్లగా అయింది. పొట్టాయన కేసు కాయితం లాక్కున్నాడు. పొడుగాయన మాత్రం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఎంతసేపు తుడిచాడంటే, నవ్వాపుకుంటున్నాడని మా అందరికీ తెలిసిపోయింది.

"ఫరవాలేదు" అన్నాడు చివరికి. "కిందటివారం చూసిన కాలేజీలో రోగులు మంచాల మీద పేకాడుతున్నారు."

"రసశాల చూద్దాం రండి, రసశాల!" అని భావూ తొందరపెట్టాడు.

రసశాలంటే పెరట్లో రేకుల షెడ్డు. ఇన్‌స్పెక్టర్లను ఆహ్వానించడానికి బాయి అంతకుముందే షెడ్డు వదిలి ముందు గేటు దగ్గరికి వచ్చి నిలబడింది. ఆ కొద్దిసేపట్లోనే భావూ మనిషి ఒకడు వచ్చి, సాహెబులు చూసేసరికి మంట జోరుగా కనబడాలని, ఒక కొలిమిలో రెండు తట్టల మేలురకం గనిబొగ్గు దిమ్మరించిపోయాడు. కాపలా ఉన్న మావాళ్ళు వద్దన్నారట. "భావూ చెప్పిండు" అన్నాడట. ఆ మాటకు ఆ ప్రాంగణంలో ఎదురు లేదు.

మేమంతా షెడ్డు చేరేసరికి బాయి పరుగున వచ్చి కుండ చూసింది. గంధకం మండి సీసా మూతిలో నీలిమంట ఆడాల్సింది, ఆడటం లేదు. దారి మూసుకుపోయింది. చువ్వ అందుకుంది, ఇక వేళ మించిందని దాన్ని పారేసి గట్టిగా అరిచింది. "బయటికి! అందరూ బయటికి! గాలికి ఎదురుగా పొండి, ముక్కులు మూసుకోండి!"

మేం గుమ్మం దాటామో లేదో ధడాలుమంది. రేకులు ఎగిరిపడ్డాయి. పసుపుపచ్చ పొగ బుసబుసమంటూ వచ్చింది. కుళ్ళిన గుడ్లు, కాలిన అగ్గిపుల్లలు కలిపినట్టు వాసన. భావూ అందరికంటే వెనక ఉన్నాడు కాబట్టి ఆ నల్లపొడంతా ఆయన వీపున పడింది.

అప్పుడు ఆస్పత్రి తలుపులు రెండూ భళ్ళున తెరుచుకున్నాయి. పక్షవాతమని రాసినవాడు మొదట వచ్చాడు. వెనకాల ఆయాసం, ఆ వెనక నడుంనొప్పి. కాలు విరిగిందని కట్టు కట్టిన కుర్రాడు ఆ కట్టుతోనే గోడ దూకాడు. మా బాపమ్మ నా జడ పట్టుకుని నన్ను రోడ్డు దాకా లాక్కుపోయింది. అంత తక్కువ సేపట్లో అన్ని రోగాలు నయం చేసిన ఆస్పత్రి దేశంలో ఇంకోటి ఉండదు.

ఎవరికీ దెబ్బలు తగల్లేదు. పొగ విడిపోయేదాకా బాయి ఎవర్నీ లోపలికి పోనివ్వలేదు. పాదరసం పొగ పీల్చి పళ్ళూడి, వణుకు పట్టి, మతులు తప్పి పోయిన రసవాదుల గురించి ఆమె క్లాసులో చెప్పినప్పుడు కథలా విన్నాం. ఇప్పుడు ఆమె ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి, గడ్డం పట్టుకుని కళ్ళలోకి చూసి, దగ్గు వస్తోందా అని అడుగుతుంటే నాకు భయమేసింది. అందర్నీ చూశాక వెళ్ళి గోడ నీడన ఒక్కతే కూర్చుంది. అంత చిన్న మనిషని అప్పటిదాకా నేను గమనించలేదు.

పొట్టాయన ఇక చాలు, పోదామన్నాడు. పొడుగాయన కదల్లేదు. నేరుగా బాయి దగ్గరికి వెళ్ళి, "రెండో సీసా ఎలా ఉంది?" అన్నాడు.

బాయి తలెత్తింది. "దాని మంట ఎవరూ ముట్టలేదు."

"అయితే దాన్ని వదిలేసి ఇక్కడ కూర్చున్నారేం?"

ఇద్దరూ మూతులకు తడిగుడ్డలు కట్టుకుని షెడ్డులోకి వెళ్ళారు. ఆయన కోటు విప్పి నా చేతికిచ్చాడు. చువ్వ తానే కాల్చి, సీసా మూతి తానే శుభ్రం చేశాడు. మంట ఇప్పుడు పెంచాలని ఆమె, ఇంకాసేపు ఆగాలని ఆయన. మా సిద్ధుడి తగాదా దీని ముందు ఎందుకూ పనికిరాదు. మధ్యాహ్నం భోజనం కూడా వాళ్ళు అక్కడే, కొలిమి పక్కనే, వాదించుకుంటూ తిన్నారు. సాయంత్రానికి, మూతిలోంచి చూస్తే, సీసా అడుగు ఉదయించే సూర్యుడిలా ఎర్రబడింది. మూతి మీద పెట్టిన రాగినాణెం పాదరసం ఆవిరి తగిలి తెల్లబడింది, పాకం కుదిరిందనడానికి అదే గుర్తు. సున్నం, బెల్లం కలిపి మూతి మూసి, చల్లారనివ్వమని చెప్పి ఆయన గెస్ట్‌హౌస్‌కి వెళ్ళాడు. ఆస్పత్రి లెక్కలు చూడాలన్న సంగతి ఆయనకు గుర్తులేదు. గుర్తు చేసే ధైర్యం ఎవరికీ లేదు.

బాపమ్మ ఆ పూట మా హాస్టల్లో నా పక్కనే పడుకుంది. మర్నాడు పొద్దున ఆమెను బస్సెక్కించాలి. కానీ ఆ సీసాలో ఏముందో చూస్తేగాని కదలనంది. పొడుగాయన కూడా వచ్చాక, బాయి సీసా నడుముకి కిరసనాయిల్లో తడిపిన దారం చుట్టి, అంటించి, ఆరగానే తడిగుడ్డ వేసింది. టప్పుమని రెండు ముక్కలైంది. మెడలోపల దానిమ్మగింజల రంగులో, తళుకుమంటూ మందపాటి ఎర్రటి పెచ్చు. స్టెతస్కోపు వీరులు కూడా ముందుకు వంగి నోళ్ళు తెరుచుకు చూశారు.

"నూరక ముందు ఇలా ఉంటుంది" అంది బాయి. "నూరితే ఇంకా ఎరుపు."

భావూ కొత్త తెల్లబట్టల్లో ముందుకొచ్చి, "దీన్ని ఇంకొంచెం కాలిస్తే బంగారమవుతుందా?" అన్నాడు.

ఆ మాట విని బాపమ్మ బాయి మోచెయ్యి పట్టుకుంది. "అమ్మా, మా ఊళ్ళకు గిట్లనే ఒక సాధువొచ్చిండు. ఇత్తడి చెంబులను బంగారం చేస్తనన్నడు. ఊరందరి చెంబులు మూటగట్టుకోని అడివిలకు పోయి, పూజ జేస్కోని వస్తనన్నడు" అని మరాఠీ, తెలుగు కలిపి చెప్పింది.

"వచ్చాడా?" అన్నాడు పొడుగాయన.

"ఇంకెక్కడ! అప్పటిసంది మేం స్టీలు చెంబులే కొంటున్నం."

బాయి నవ్వింది. పళ్ళు కనబడేలా, కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వింది. రెండేళ్ళలో ఆమె అలా నవ్వడం మేం చూడలేదు. పొడుగాయన బాపమ్మను చూడటం మానేసి ఆమెనే చూస్తూ నిలబడ్డాడు.

కాలేజీకి గుర్తింపు వచ్చింది, కొన్ని షరతులతో. రోగులు నిజంగా రోగులై ఉండాలన్నది వాటిలో ఒకటి. ఆ షరతులు అమలవుతున్నాయో లేదో చూడటానికి పొడుగాయన వచ్చేవాడు. నియమాల ప్రకారం ఏటా ఒకసారి చాలు. ఆయన పండగకీ పబ్బానికీ వచ్చేవాడు. భార్య పోయి చాలా కాలమైందని మాకు ఆఫీసు గుమాస్తా ద్వారా తెలిసింది. ఉద్యోగం నుంచి దిగిపోయాక ఒకరోజు ఏ షరతూ లేకుండానే వచ్చాడు. నా ఆఖరి సంవత్సరంలో వాళ్ళిద్దరూ నాగపూర్‌లో రిజిస్టరు పెళ్ళి చేసుకున్నారు. మేం కొందరం వెళ్ళి పూలదండలు అందించాం. పెళ్ళి అయిన పది నిమిషాలకే, శ్రీఖండ్‌లో, అంటే తియ్యటి పెరుగులో, కుంకుమపువ్వు ముందు వెయ్యాలా తర్వాత వెయ్యాలా అని వాదించుకోవడం మొదలుపెట్టారు.

ఊరెళ్ళినప్పుడు బాపమ్మకు ఈ సంగతి చెప్పాను. ఆమె చేటలో కందిపప్పు చెరుగుతోంది. చెరగడం మాత్రం ఆపలేదు.

"యాభై దాటినంక లగ్గమా?" అంది. "మంచిదే. అత్త పోరు లేదు, పిల్లల లొల్లి లేదు. మీ తాత గూడ గట్ల కొంచెం ఆగి వస్తే బాగుండు."